మరుగున పడిన సహాయ పాత్రలకు వరుస కట్టడం గురించి మేనకోడలికి

పాలకొల్లు

చి.సౌ. మేనకోడలిని ఆశీర్వదించి నీ మేనమామ వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. మీ అత్తయ్యకు మోకాలి నొప్పి కాస్త సర్దుకుంది. మీ కళాశాల పూర్వవిద్యార్థుల సంచిక కోసం తెలుగు సినిమాల్లో మరుగున పడిన సహాయ నటనలకు 1 నుంచి 25 వరకు వరుస కడుతున్నానని, దిద్దిపెట్టమని నువ్వు పంపిన కాగితాలు అందాయి. వాటిని నాలుగుసార్లు చదివాను. ఎక్కువ మార్పులే చెప్పబోతున్నాను కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ఈ విషయంలో సలహా చెప్పే అర్హత నాకేమైనా ఉంటే అది ప్రొజెక్టరు గది పెట్టిన భిక్ష. 1968లో ఆ గదిలో సహాయకుడిగా చేరి, డిజిటల్ యంత్రాలు వచ్చి రీళ్లు కనుమరుగయ్యేవరకు ఆపరేటరుగా ఉన్నాను. వెయ్యి అడుగుల రీలు సుమారు 11 నిమిషాలు నడుస్తుంది. అది అయిపోయేలోగా రెండో యంత్రానికి తర్వాతి రీలు ఎక్కించి, వెలుగునిచ్చే కార్బన్ కడ్డీల మధ్య ఎడం సరిచేసి, తెరమీద కుడివైపు పైమూలన చుక్క మెరవగానే దానికి మార్చాలి. ఆ చుక్క కోసం కిటికీలోంచి తెరను చూస్తూనే ఉండాలి. రోజుకు నాలుగు ఆటల చొప్పున ఒక సినిమా యాభై రోజులు ఆడితే 200 సార్లు చూసినట్టు లెక్క. మొదటి వారం కథను చూస్తాం, రెండో వారం నాయకుణ్ణి చూస్తాం, మూడో వారానికి కన్ను దానంతట అదే పక్కకు జరుగుతుంది. నాయకుడు మాట్లాడుతున్నంతసేపూ వెనక నిలబడ్డ గుమాస్తా ఏం చేస్తున్నాడో, తల్లి చేతిలోని చెంబు ఎప్పుడు కింద పెట్టిందో అప్పుడు కనిపిస్తాయి. నీకు 200 సార్లు చూసే అవకాశం ఎలాగూ లేదు. అందుకని జాబితాలో పెట్టదలచుకున్న ప్రతి సినిమానూ కనీసం రెండుసార్లు చూడు. రెండోసారి శబ్దం పూర్తిగా తీసేసి, ఆ ఒక్క మనిషి తెరమీద ఉన్నంతసేపూ ఆ మనిషినే చూడు. మాట పోయాక కూడా పాత్ర నిలబడితే కాగితం మీద రాసుకో. నిలబడకపోతే ఆ గొప్పతనంలో సగం సంభాషణల రచయితది.

శబ్దం సంగతి వచ్చింది కాబట్టి మరొకటి కూడా చెబుతాను. గొంతును మెచ్చుకునే ముందు ఆ గొంతు ఎవరిదో తెలుసుకో. 1957 నాటి మాయాబజార్‌లో వివాహ భోజనం పాటకు తెరమీది ఆనందమంతా ఎస్.వి. రంగారావు గారిదే, గానం మాత్రం మాధవపెద్ది సత్యం గారిది. పాటల్లో ఈ తేడా అందరికీ తెలుసు. మాటల్లో కూడా ఒకరి ముఖానికి మరొకరు గొంతు ఇవ్వడం మన సినిమాల్లో మామూలేనన్న సంగతి మాత్రం వరుస కట్టేవాళ్లు తరచుగా మరిచిపోతారు.

ఇప్పుడు నీ జాబితా. మొదటి స్థానంలో ఘటోత్కచుణ్ణి, రెండో స్థానంలో 1975 నాటి ముత్యాలముగ్గులో రావు గోపాలరావు గారి కాంట్రాక్టరును పెట్టావు. ఆ రెండూ మహా గొప్ప నటనలని నేనూ ఒప్పుకుంటాను, కానీ అవి మరుగున పడ్డవి ఎలా అవుతాయమ్మా? ఆ కాంట్రాక్టరు మాటలు మన వైపు పెళ్లిపందిళ్లలో మైకుల్లో మోగేవి. ఘటోత్కచుడి వీరతాడు మాట మూడు తరాలుగా పిల్లల నోళ్లలో ఆడుతోంది. ఆ రెండు పేర్లనూ కొట్టేయి. 1964 నాటి మూగమనసులులో జమున గారి గౌరి విషయం వేరు. అదే కథ హిందీలో మిలన్ అయినప్పుడు అదే పాత్రకు ఆమెకు ఉత్తమ సహాయ నటిగా ఫిలింఫేర్ బహుమతి వచ్చింది కాబట్టి సహాయ పాత్రేనని నువ్వు వాదించవచ్చు. కానీ గోదావరి ఒడ్డున ఆ సినిమా చూసినవారెవరూ గౌరిని మరిచిపోలేదు. అదీ వద్దు.

మరుగున పడటమంటే ఎవరికీ తెలియకపోవడం అని నువ్వు అనుకున్నట్టున్నావు. నా ఉద్దేశంలో ముఖం గుర్తుండి, చేసిన పని గుర్తులేకపోవడమే మరుగున పడటం. బహుమతి వచ్చినంత మాత్రాన ఆ మరుగు తొలగదు. పి.ఎల్. నారాయణ గారికి యజ్ఞం సినిమాకు 1991 సంవత్సరపు జాతీయ ఉత్తమ సహాయ నటుడి బహుమతి వచ్చింది. కాళీపట్నం రామారావు గారి కథ ఆధారంగా తీసిన సినిమా అది. మన బజారులో నిలబడి పదిమందిని అడిగి చూడు, నారాయణ గారి ముఖం అందరూ పోలుస్తారు, యజ్ఞం పేరు ఒకరిద్దరు కూడా చెప్పలేరు. బహుమతి వచ్చింది కదా అని నువ్వు ఆయనను వదిలేశావు. నేనైతే మొదటి అయిదుగురిలో ఉంచుతాను.

ఒకప్పుడు ఒక ఊళ్లోని ఒక హాలులో కొంతకాలం పనిచేశాను. రాత్రి ఆట ముగిసేసరికి ఆఖరి బస్సు వెళ్లిపోతోందని, పెద్ద సినిమాల్లోంచి పదిహేను నిమిషాలు తగ్గించమని ఆ యజమాని నాకు చెప్పారు. ఏది తీయాలో నిర్ణయించే పని నామీద పడింది. పాట తీస్తే జనం కేకలు వేస్తారు, కొట్లాట తీస్తే కుర్చీలు విరుగుతాయి. కాబట్టి ప్రతిసారీ సహాయ నటుల సన్నివేశాలే కత్తెరకు బలయ్యేవి. తీసిన ముక్కలను రేకు డబ్బాలో చుట్టి, మీద సున్నంతో రీలు నంబరు రాసి, రీళ్ల పెట్టె తిరిగి పంపేటప్పుడు మళ్లీ అతికించేవాణ్ణి. ఒకరోజు మొదటి ఆట వదిలాక ఒక ముసలమ్మ మెట్లెక్కి వచ్చి, గది గుమ్మంలో నిలబడి, "నాయనా, ఆ పెద్దాయన ఉత్తరం చదువుకునే ముక్క ఇవాళ రాలేదేం?" అని అడిగింది. అంతకుముందు ఆదివారం ఒకసారి చూసిందట. ఆ ముక్క కోసమే మళ్లీ టిక్కెట్టు కొనుక్కుని వచ్చిందట. ఆ సమయానికి ఆ ముక్క నా బల్ల కింద డబ్బాలో ఉంది. ఆమెకు ఏం చెప్పాలో తోచక యంత్రం చెడిపోయిందని అబద్ధం చెప్పాను. ఆ సాయంత్రమే ఆ రెండు నిమిషాల ముక్కనూ అతికించాను, బదులుగా ఇంకెవరిదో ముక్క తీశాను. ఆ రెండో ముక్క కోసం వచ్చినవారు ఎవరైనా ఉన్నారేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది.

నువ్వు వరుస కట్టేటప్పుడు ఆ కత్తెరను మనసులో పట్టుకో. ఈ నటుణ్ణి తీసేసి, ఆ పాత్రకు మామూలుగా చేయగల మరొకరిని నిలబెడితే సినిమాలో ఏం పోతుంది? నవ్వు మాత్రమే పోతే ఒక లెక్క, నాయకుడి బాధను మనం నమ్మడమే మానేస్తే మరో లెక్క. 1967లో మన ఆత్రేయపురం దగ్గరి పులిదిండిలో తీసిన సాక్షిని చూడు. హత్యకు సాక్ష్యం చెప్పిన అమాయకుడిగా కృష్ణ గారు భయపడితే మనం భయపడతాం, కానీ ఆ భయం పుట్టేది రౌడీ ఫకీరు వేషం వేసిన జగ్గారావు గారి వల్ల. ఆయన స్థానంలో ఊరికే కళ్లెర్రజేసే మనిషి ఉంటే ఊరంతా తలుపులు వేసుకోవడం మనకు నాటకంలా ఉండేది. అదే సినిమా పేరు ఇంటిపేరుగా మారిన సాక్షి రంగారావు గారిని నువ్వు సరిగ్గానే ఎంచావు, కానీ ఆయన జీవితమంతా చేసిన పనికి కలిపి ఒక స్థానం ఇచ్చావు. అది కుదరదు. వరుస నటనలకు కడుతున్నావు, నటులకు కాదు. ఒక సినిమా, ఒక పాత్ర ఎంచుకుని దానికే స్థానం ఇవ్వు.

మాయాబజార్ నుంచి ఎవరినీ తీసుకోవద్దని కాదు నా మాట. అందులో శాస్త్రి వేషం వేసిన వంగర వెంకటసుబ్బయ్య గారిని తీసుకో. శర్మగా అల్లు రామలింగయ్య గారు పక్కనే ఉంటారు. గోంగూర ప్రస్తావన వచ్చే చోట, ఆ తర్వాత కంబళి, తల్పం వాళ్లను ముప్పుతిప్పలు పెట్టే చోట చూడు. వంగర వారు నవ్వించాలని ప్రయత్నించరు. తాను రాజుగారి పనిమీద వచ్చిన పండితుణ్ణన్న గౌరవాన్ని ఆయన ఒక్క క్షణం కూడా వదలరు, ఆ గౌరవం చెక్కుచెదరకుండా ఉంది కాబట్టే కంబళి చుట్టుకున్నప్పుడు మనకు నవ్వు ఆగదు. అదే సినిమాలో సూర్యకాంతం గారి హిడింబిని కూడా పరిశీలించు. గుండమ్మను తలుచుకునే ఇన్ని లక్షల మందిలో, అడవిలో సుభద్రనూ అభిమన్యుణ్ణీ ఆదరించిన ఆ రాక్షసి తల్లిని తలుచుకునేవారు ఎందరు? గయ్యాళితనం ఒక్క పిసరు కూడా లేని సూర్యకాంతాన్ని చూపించు, నీ పాఠకులు ఆశ్చర్యపోతారు.

సొంత ఊరి మీద ప్రేమ విషయంలో జాగ్రత్తగా ఉండు. అల్లు వారు పాలకొల్లు బిడ్డ, జంధ్యాల గారు నరసాపురం వారు, సూర్యకాంతం గారూ రావు గోపాలరావు గారూ కాకినాడ చుట్టుపక్కల వారు. ఈ నేల మీద పుట్టినవారిని తలుచుకుంటే నాకూ గుండె నిండుతుంది. అయినా నీ ఇరవై అయిదులో పదిహేడు మంది మనవాళ్లే ఉండటం చూసి సంతోషించలేకపోయాను. ప్రతి మనవాడి పక్కన ఒక బయటి వాడిని పెట్టి పోల్చు, ఆపైన నిలిస్తే ఉంచు. అల్లు వారి నుంచి నేను ఎంచేది 1980 నాటి శంకరాభరణంలో వకీలు మాధవయ్య. జీవితమంతా నవ్వించిన ముఖాన్ని అదుపులో పెట్టుకుని, స్నేహితుడి కష్టం ముందు నిలబడిన ఆ పెద్దరికం పోలికలోనూ నిలుస్తుంది. అదే జాతిది ప్రతిఘటనలో సుత్తి వేలు గారి మతి తప్పిన కానిస్టేబులు. ఆ రెండింటినీ ఒకదాని పక్కన ఒకటి ఉంచి, ఏది పైన అన్నది నువ్వే తేల్చుకో. నాకైతే వేలు గారిదే పైన అనిపిస్తుంది, ఎందుకంటే ఆయనను చూడగానే నవ్వడానికి సిద్ధపడి వచ్చిన హాలంతా మౌనంగా అయిపోవడం నేను ఆ కిటికీలోంచి చూశాను.

మార్కులు వేయడం మానెయ్యి. పదికి ఎనిమిదిన్నర, ఎనిమిది ముప్పావు అని రాసుకున్నావు, ఆ పావు దేనికో నువ్వే చెప్పలేవు. దానికి బదులు చీటీల మీద పేర్లు రాసి, రెండేసి తీసి, ఏది పోతే ఎక్కువ నష్టమో అడుగు. కొత్త పేరు వస్తే అడుగు నుంచి ఒక్కొక్కరితో పోల్చుకుంటూ పైకి తీసుకెళ్లి, ఎక్కడ ఆగితే అక్కడ పెట్టు. మొదటి పది స్థానాలకే అంకెలు ఇవ్వు. తక్కిన పదిహేను మందినీ ఒక గుంపుగా పేర్కొంటే చాలు, 18కీ 19కీ తేడా ఉందని నటించనక్కరలేదు. జాబితా అయ్యాక నెల రోజులు పక్కన పెట్టి, దాన్ని చూడకుండా మళ్లీ కట్టు. రెండింటిలోనూ ఒకే చోట ఉన్న పేర్ల గురించే ధైర్యంగా రాయి.

ఆ 19వ స్థానంలో నువ్వు ఎవరిని పెట్టావో చూసి నాకు నిజంగా బాధ కలిగింది. 1955 నాటి కన్యాశుల్కంలో గోవిందరాజుల సుబ్బారావు గారి లుబ్ధావధాన్లు! గిరీశంగా ఎన్.టి. రామారావు గారు, మధురవాణిగా సావిత్రి గారు, రామప్పంతులుగా సి.ఎస్.ఆర్. ఆంజనేయులు గారు ఉన్న సినిమాలో, ఆ పీనాసి ముసలివాణ్ణి మనం అసహ్యించుకుంటూనే జాలిపడేలా చేయడం సామాన్యమైన పని కాదు. 1942లో బాలనాగమ్మలో మాయల మరాఠీగా జనాన్ని వణికించిన మనిషే ఈయన అంటే నమ్మడం కష్టం. నువ్వు దాన్ని చిన్న తెరమీద, మధ్యలో ఆపుతూ చూశానని రాశావు కాబట్టి నిన్ను తప్పుపట్టను.

సంక్రాంతికి ఎలాగూ వస్తావు. భోగి మర్నాడు భోజనాలయ్యాక మన హాల్లో గోడమీద దుప్పటి కట్టి, మీ అన్నయ్య దగ్గరి చిన్న ప్రొజెక్టరుతో కన్యాశుల్కం వేస్తాను. మీ అమ్మను కూడా తీసుకురా. అప్పటివరకు మొదటి స్థానం ఖాళీగా ఉంచి, ఆ 19 అంకెను పెన్సిలుతోనే రాసి ఉంచు.

ఆశీస్సులతో,
మీ మామయ్య