హెవీ లైసెన్స్ ఉన్నా ట్యాంకర్ ఎందుకివ్వరంటే

కావలి నుంచి అడిగిన తమ్ముడూ, హెవీ లైసెన్స్ చూపించినా పెట్రోలు ట్యాంకర్ ఇవ్వలేదన్నావు. ఓనర్ తప్పేం లేదు. లైసెన్సు మీద హజార్డస్ ఎండార్స్‌మెంట్, అంటే ప్రమాదకరమైన సరుకు బండి నడపొచ్చనే అనుమతి, ఉండాలి. ప్రభుత్వ గుర్తింపున్న సంస్థలో 3 రోజుల ట్రైనింగ్ చేసి, ఆ సర్టిఫికెట్‌తో లైసెన్సుల ప్రభుత్వ వెబ్‌సైట్ సారథి పోర్టల్‌లో అప్లై చెయ్యి. తెలుగుతో పాటు ఇంగ్లీషు కూడా చదవడం, రాయడం రావాలని రూల్.

క్లాసుకి పోకుండానే సర్టిఫికెట్ ఇప్పిస్తాననే ఏజెంట్ల జోలికి పోవద్దు. క్లాసులో నేర్చుకునేవి రోడ్డు మీద నీకే అక్కరకొస్తాయి. ట్యాంకర్ మీద సరుకు నంబరు 1203 అని ఉంటే లోపల పెట్రోలు. క్యాబిన్‌లో ట్రెమ్ కార్డు (ఎమర్జెన్సీ సూచనల కార్డు) ఉంటుంది, లీకైతే ఏం చెయ్యాలో అందులోనే రాసుంటుంది. హైవే మీద అర్ధరాత్రి వాల్వు కారుతుంటే ఏజెంటు ఫోనెత్తడు కదా!

ఈ ఎండార్స్‌మెంట్ వ్యాలిడిటీ 3 ఏళ్లు. రెన్యువల్‌కి 1 రోజు రిఫ్రెషర్ ట్రైనింగ్ ఉంటుంది. డేటు దాటనివ్వకు.