రొసౌరాను కోయకు

చిరంజీవి మేనల్లుడికి అత్తయ్య ఆశీస్సులు.

నువ్వు స్పానిష్ నాటకకర్త కాల్డెరాన్ రాసిన ‘జీవితం ఒక కల’ ఆడించబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. పొంగిపోయాను. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. సేవకుణ్ణి బాల్కనీ నుంచి సముద్రంలోకి విసిరే ఘట్టం ఉంది చూడు, అక్కడ ఏ కుర్రాణ్ణీ నిజంగా విసరొద్దు. తెర వెనక్కి లాగేసి ఒక కేక పెట్టిస్తే చాలు. సంకెళ్లు ఇనుపవి వద్దు. పాఠం ముందే బట్టీ పట్టించు.

బాసిలియోను కంసుడిలా వేయించకు. క్రూరుడవుతాడని జాతకం చూసి కన్నకొడుకు సెగిస్ముండోను బురుజులో బంధించిన రాజే, కాదనను. కానీ గ్రహాలు మనసును ఒకవైపు మొగ్గిస్తాయే తప్ప బలవంతపెట్టలేవని మొదటి అంకంలో తనే అంటాడు. తెలిసీ గొలుసు వేశాడు! కొడుకు మృగంలా తయారయ్యాడంటే తప్పు గ్రహాలదా, గొలుసుదా? దాన్ని నువ్వు తేల్చకు.

ఇక నా నిర్వాకం. నేను ఆడించినప్పుడు నాటకం మూడు గంటలు దాటుతోందని రొసౌరా కథ మొత్తం తీసేశాను. తనను వంచించిన ఆస్టోల్ఫోను వెతుక్కుంటూ మగవేషంలో కత్తి పట్టుకుని వచ్చిన పిల్ల. “నాటకం విధి గురించి కదా, మధ్యలో ఈ పరువు గొడవ ఎందుకు?” అన్నాను. ఆ వేషం వేయాల్సిన అమ్మాయి నోరెత్తలేదు. వెండికాగితం అతికించిన చెక్క కత్తిని పమిటతో తుడిచి, నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

ప్రదర్శన నాడు సెగిస్ముండో తండ్రిని క్షమించాడు. చప్పట్లు మర్యాదకు కొట్టారు. ఇంటికొచ్చి పుస్తకం తిరగేస్తే అప్పుడు తెలిసింది. ఓడిపోయి కాళ్ల దగ్గర పడిన ముసలివాణ్ణి క్షమిస్తే అతనికి పోయేదేముంది? రొసౌరా మీద అతనికి మనసుంది. సైన్యం తన వెంట ఉంది, ఆమె ఒంటరిగా తన దగ్గరికే వచ్చింది. అయినా ఆమె పరువు చూడాల్సినవాడు అందం చూడకూడదని ముఖం తిప్పుకుంటాడు, అడిగినదానికి బదులైనా చెప్పడు. జాతకం తప్పేది అక్కడే. నేను కోసిపారేసిందీ దాన్నే.

చివరికి ఆమెను ఆ ఆస్టోల్ఫోకే కట్టబెట్టడం నాకూ మింగుడుపడదురా. 1636లో అచ్చయిన నాటకం, ఆనాటి స్పెయిన్ రంగస్థలం మీద ఆడదాని పరువు అలాగే దక్కేది. మార్చకు. చెయ్యి అందించే ముందు ఆమెను ఒక్క క్షణం ఆగనివ్వు.

ఆ కత్తి ఇంకా నా దగ్గరే ఉంది. వచ్చే వారం మీ అమ్మతో పంపిస్తాను. పిడి దగ్గర కాగితం లేచిపోయింది, కొత్తది అతికించుకో. బాల్కనీ సంగతి మరిచిపోకు.

మీ అత్తయ్య