నేలకు ఉండేది తేమా, పదునా?

సందేహం: "నేలలో తేమ శాతం తగ్గి జొన్న దిగుబడి పడిపోయింది" అని పేపర్లో వచ్చింది. చదివి వినిపిస్తే మా నాన్న "తేమ ఏంట్రా, పదును లేదనాలి" అన్నారు. పదును కత్తికి కదా ఉండేది? ఏది సరైన మాట?
– నంద్యాల జిల్లా పాఠకుడు

సమాధానం: ముందు మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. ఆయన మాటలో సేద్యమంతా ఉంది.

పదను పాత రూపం, పదును వాడుక రూపం. దీనికి తమిళంలో చుట్టం 'పదం', కన్నడంలో 'హద'. మన పాలు కన్నడంలో హాలు అయినట్టే ఇక్కడా పకారం హకారమైంది. కుండెడు అన్నానికి ఒక్క మెతుకే పదం చెబుతుందని తమిళ సామెత. అదనుకు చాలినంత కురిసిన వానను కన్నడ రైతు 'హద మళె' అంటాడు. అంటే దేనికైనా ఉండాల్సిన తీరులో ఉండటమే పదును. కమ్మరి కాల్చిన ఇనుమును నీళ్లలో ముంచి పదును పెట్టేది అందుకే: అది పెళుసై విరగకూడదు, మెత్తబడి వంగకూడదు. కత్తి అంచు అన్న అర్థం అక్కడి నుంచే వచ్చిందని నా నమ్మకం.

నేలకూ అంతే. పిడికిట్లో నొక్కితే మట్టి ఉండ కట్టాలి, కింద వేస్తే విడిపోవాలి. తడి ఎక్కువైతే నాగలికి బంకలా పడుతుంది, ఆరిపోతే పెళ్లలు లేస్తాయి.

'తేమ శాతం' అంటే ఇదేమీ తెలియదు. ఇసుకపాలు ఎక్కువున్న ఎర్రనేలలో 12 శాతం తేమతో పైరు హాయిగా ఉంటుంది. బరువైన నల్లరేగడిలో అదే 12 శాతానికి వాడిపోతుంది, ఎందుకంటే ఆ బంకమట్టి నీటిని వేరుకు అందనంత గట్టిగా పట్టుకుంటుంది. అంకె ఒకటే, పదును వేరు.

ఇక నీరు చాలక పైరు వాడే స్థితిని 'తేమ ఒత్తిడి' అని రాసేవాళ్లను చూస్తే బాధేస్తుంది. 'బెట్ట' అనే రెండక్షరాల మాట ఏం పాపం చేసింది? మొక్కజొన్న పూత, పీచు దశలో బెట్టకు గురైతే గింజ సరిగా కట్టదు, తర్వాత ఎన్ని తడులు పెట్టినా ఆ నష్టం పూడదు. ఈ 'తడి' నీరు పెట్టిన లెక్క: రెండో తడి, ఆరుతడి (నేల ఆరాక మళ్లీ తడి పెట్టే) పంట. చెమ్మ గోడలకు పడుతుంది.

తేమ తప్పా అంటే, కాదు. మీటరుతో కొలిచినప్పుడు తేమే అనండి. విత్తే ముందు, దున్నే ముందు పదును అనడమే నాకు ఇష్టం. వరి దగ్గర మాత్రం కొంచెం తటపటాయిస్తాను. నీళ్లు నిలిచిన మడికి పదును అనం, దమ్ము చేస్తాం, అంటే నీళ్లలోనే దున్ని బురద చేస్తాం. కానీ కృష్ణా డెల్టాలో వరి కోతకు రెండు మూడు రోజుల ముందు మినుము చల్లేటప్పుడు అదే మడిలోకి దిగి, పాదం కింద చూసుకునేది మళ్లీ పదునే.