మంచి సినిమా అంటే జీవితపాఠం నేర్పాల్సిందేనా?

అవసరం లేదని నా అభిప్రాయం. మా విజయనగరం ఉదాహరణే చూడండి. గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం' నాటకాన్ని సంఘసంస్కరణ ఉద్దేశంతోనే రాశారు. 1892లో ఇక్కడే తొలిసారి ప్రదర్శించారు, 1955లో సినిమాగా వచ్చింది. డబ్బు తీసుకుని పసిపిల్లలను ముసలివాళ్లకు కట్టబెట్టడం తప్పన్నది అందులోని పాఠం. ఆ ఆచారం పోయి చాలాకాలమైంది (ఆ స్థానంలో వరకట్నం వచ్చి కూర్చుందనుకోండి, అది వేరే సంగతి). అయినా అందులోని కోతలరాయుడు గిరీశం నోరు విప్పితే ఇప్పటికీ నవ్వు ఆగదు. రచయిత అతన్ని దుర్మార్గుడిగా నిలబెట్టి తిట్టలేదు. అతని కోతల్లోని తెలివినీ, వెనకున్న డొల్లతనాన్నీ ఒకేసారి చూపించారు. వేశ్య అని నలుగురూ చిన్నచూపు చూసే మధురవాణి అక్కడున్న పెద్దమనుషులందరికన్నా నికార్సయిన మనిషి. ఆ మాట ఎవరూ మనకు చెప్పరు, చూస్తూ చూస్తూ మనకే తడుతుంది.

సందేశం కోసమే తీసిన సినిమాల్లో చివరి పావుగంట కథానాయకుడు మైకు అందుకుంటాడు. మా ఊరి హాల్లో జనం కాలితో చెప్పులు వెతుక్కోవడం సరిగ్గా అప్పుడే మొదలవుతుంది.