మీసాల చందా ఎవరికివ్వాలి?

ప్రశ్న: నవంబరులో మా ఆఫీసులో పదిహేనుమందిమి మీసాలు పెంచి, ప్రోస్టేట్ (మగవాళ్లలో మూత్రాశయం కింద ఉండే గ్రంథి) క్యాన్సర్ పరిశోధన పేరుతో చందా పోగుచేశాం. ఎవరికివ్వాలో తేలడం లేదు. ఏం చూసి ఎంచుకోవాలి?

జవాబు: నిజానికి ఇది చందా అడగకముందే తేల్చుకోవలసింది. పరిశోధనకని చెప్పి వసూలు చేసినది పరిశోధనకే వెళ్లాలి. ఆ డబ్బుతో రోగులకు బస్సు చార్జీలు ఇస్తే పని మంచిదే, కానీ ఇచ్చినవాళ్లకు మాట తప్పినట్టే.

మీసాల సరదా 2003లో మెల్‌బోర్న్‌లో ముప్పైమందితో మొదలైంది. ఆ ఏడు చందా లేదు, మీసాలే. మరుసటి ఏటి నుంచి ప్రోస్టేట్ క్యాన్సర్ కోసం వసూళ్లు మొదలయ్యాయి. ఇప్పుడు ఆ సరదా నుంచి పుట్టిన మొవెంబర్ సంస్థ వృషణాల క్యాన్సర్‌కూ, మగవాళ్ల మానసిక ఆరోగ్యానికీ, ఆత్మహత్యల నివారణకూ కూడా ఖర్చు పెడుతుంది. అమెరికాలో 1993లో పుట్టిన ప్రోస్టేట్ క్యాన్సర్ ఫౌండేషన్ పని ప్రధానంగా పరిశోధనే. పేర్లు ఒకేలా వినిపించినా పనులు వేరు.

ఏ సంస్థదైనా వార్షిక నివేదిక తెరిచి, ఏ పరిశోధనకు, ఎన్నేళ్లకు, ఎంత ఇచ్చారో జాబితా ఉందేమో చూడండి. దరఖాస్తులను బయటి నిపుణులు పరిశీలిస్తున్నారా? సొంత సంస్థ దరఖాస్తు వచ్చినప్పుడు కమిటీ సభ్యుడు పక్కకు తప్పుకుంటున్నాడా? డబ్బు ఒకేసారి ఇస్తున్నారా, పని జరిగేకొద్దీ విడతలుగా ఇస్తున్నారా? విఫలమైన ప్రయోగాల ఫలితాలనూ బయటపెడుతున్నారా? ఆఫీసు ఖర్చుల శాతం ఒక్కటే చూసి మురిసిపోకండి. అది మరీ తక్కువగా ఉంటే, ఇచ్చిన డబ్బు ఏమైందో కనుక్కునే మనిషే లేడని కూడా అర్థం కావచ్చు.

చెక్కుతోపాటు 'ప్రోస్టేట్ క్యాన్సర్ పరిశోధనకు మాత్రమే' అని ఉత్తరం జతచేయండి. అంతకన్నా ఇరుకు షరతు పెట్టొద్దు. ఫలానా మందు మీదే పని జరగాలంటే, ఆ దరఖాస్తు వచ్చేదాకా డబ్బు మూలన పడి ఉంటుంది. లెక్కపెట్టేటప్పుడు ఇద్దరు ఉండాలి. వచ్చింది, ఖర్చయింది, పంపింది మూడు అంకెలూ చందా ఇచ్చిన ప్రతి ఒక్కరికీ తెలియాలి.

ప్రశ్న: మా చందా చిన్న మొత్తం. దానితో పరిశోధన జరుగుతుందా?

జవాబు: పెద్ద ట్రయల్, అంటే చాలామంది రోగుల మీద చికిత్సలను పోల్చి చూసే అధ్యయనం, జరగదు. బ్రిటన్‌లో ప్రొటెక్ట్ ట్రయల్ 1,643 మందిని ఆపరేషన్, రేడియేషన్, కేవలం పరిశీలన అనే మూడు వర్గాలుగా చేసి పదిహేనేళ్లు గమనించింది. ఏ వర్గంలోనైనా ఆ క్యాన్సర్‌తో చనిపోయినవారు నూటికి సుమారు ఇద్దరు, ముగ్గురే. అంత పనికి ప్రభుత్వ నిధులు కావాలి. విరాళాల బలం వేరేచోట ఉంది: యువ శాస్త్రవేత్త కొత్త ఆలోచనకు తొలి ఏడాది, రెండేళ్ల జీతం, ప్రయోగశాల ఖర్చు. ఆ తొలి ఆధారాలు చేతిలో లేకపోతే పెద్ద గ్రాంటు కమిటీలు దరఖాస్తును పక్కన పెట్టేస్తాయి.

ప్రశ్న: వచ్చే ఏడు చందాతో ఉచిత పి.ఎస్.ఏ. (ప్రోస్టేట్ నుంచి రక్తంలోకి వచ్చే ఒక ప్రొటీన్) పరీక్షల శిబిరం పెట్టాలనుకుంటున్నాం. సలహా?

జవాబు: ఒక్కరోజు శిబిరమైతే వద్దు. రక్తం తీయడం చవక, ఆ తరువాతిదే ఖరీదు. పి.ఎస్.ఏ. పెరిగినవాళ్లలో నలుగురికి ముగ్గురి చొప్పున క్యాన్సర్ ఉండదు. అంకె మామూలుగా ఉన్నవాళ్లలోనూ కొందరికి ఉంటుంది. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా, రెండురోజుల్లోపు వీర్యస్కలనం జరిగినా, సైకిలు గట్టిగా తొక్కినా అంకె పెరగొచ్చు. ఇన్ఫెక్షన్ తగ్గాక ఆరువారాలు ఆగాలి. ప్రోస్టేట్ వాపుకు ఇచ్చే ఫినాస్టెరైడ్, డ్యూటాస్టెరైడ్ మాత్రలు ఆరునెలలుగా వాడుతుంటే అంకె సుమారు సగానికి పడిపోయి, ప్రమాదాన్ని దాచేస్తుంది. జుట్టు రాలకుండా వేసుకునే మాత్రలోనూ ఫినాస్టెరైడే ఉంటుంది. దాన్ని మందని ఎవరూ చెప్పరు, మీరే అడగాలి.

తప్పదనుకుంటే లెక్కను తిరగేయండి. అంకె పెరిగినవారికి మళ్లీ పరీక్ష, బయాప్సీకి (చిన్న ముక్క తీసి చేసే పరీక్షకు) ముందు ఎం.ఆర్.ఐ. స్కాన్, ఫలితం చెప్పి వివరించే మనిషి. వీటికి ముందు డబ్బు పక్కన పెట్టి, మిగిలినదానితో ఎన్ని పరీక్షలొస్తాయో చూడండి. సంఖ్య చాలా తగ్గిపోతుంది, తగ్గనివ్వండి. డెబ్బై దాటినవారిని పిలిచి మరీ చేయకండి. మూత్రంలో రక్తం పడుతున్నవారు శిబిరానికి కాదు, నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ప్రశ్న: చికిత్స పొందిన మగవాళ్లకోసం బృందం పెట్టాం. వస్తారు, కూర్చుంటారు, నోరు విప్పరు.

జవాబు: కుర్చీలు గుండ్రంగా వేసి 'మనసు విప్పండి' అంటే ఎవరు విప్పుతారు? చేతికి పని, లేదా కాలికి నడక ఉంటే మాట దానంతటదే వస్తుంది. 1990లలో ఆస్ట్రేలియాలో మొదలైన 'మెన్స్ షెడ్' పద్ధతి అదే: వడ్రంగమో, రిపేరో చేసుకుంటూ కబుర్లు. ఎనిమిది, పదిమందికి మించనివ్వకండి. మొదటి అరగంట ఒకే విషయం తీసుకోండి: ఆపరేషన్ తరువాత మూత్రం ఆగకపోవడం, కటికండరాల వ్యాయామం, హార్మోన్ ఇంజెక్షన్లతో వచ్చే వేడి ఆవిర్లు, నీరసం, దిగులు. దాంపత్యంలోని ఇబ్బంది మాట ముందుగా నిర్వాహకుడే ఎత్తాలి, వాళ్లు ఎత్తరు. 'నాకు ఈ మందు పనిచేసింది, నువ్వూ వాడు' అనడం, దివ్యౌషధాల అమ్మకం రెండూ నిషేధం. నిర్వాహకులు ఇద్దరుండాలి, ఒక్కరే అయితే ఏడాదిలో అలిసిపోతారు.

ఎవరైనా 'ఇంక ఎందుకీ బతుకు' అంటే మాట మార్చకండి. 'చనిపోవాలని అనిపిస్తోందా?' అని సూటిగా అడగండి. అడిగినందువల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకుండా, ఇంట్లోవాళ్లకో, సైకియాట్రిస్టుకో ఆ రోజే అప్పగించండి. ఆ ఫోన్ నంబర్లు మొదటి సమావేశానికి ముందే మీ జేబులో ఉండాలి.

ప్రశ్న: ఆడవాళ్లు, మీసం సరిగా రానివాళ్లు ఎలా పాల్గొనాలి?

జవాబు: నడవండి. నెలలో అరవై కిలోమీటర్లు, అంటే రోజుకు రెండు. ప్రపంచంలో గంటకు అరవైమంది మగవాళ్లు ఆత్మహత్యకు బలవుతున్నారన్న లెక్కతో మొవెంబర్ పెట్టిన అంకె అది.