పిల్లలకు వంట నేర్పాలంటే బంగాళాదుంపతో మొదలుపెట్టు

చి. సౌ. అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. దసరా సెలవుల్లో పిల్లలిద్దరికీ కాస్త వంట నేర్పాలనుంది, కేకుతో మొదలుపెట్టనా, నూడుల్స్‌తోనా అని అడిగావు. రెండూ వద్దు. రెండు కిలోల బంగాళాదుంపలు తెప్పించు. సెలవులు అయ్యేదాకా వాటితోనే కుస్తీ పట్టండి. కేకు చేస్తే కొలతలు నీవి, ఓవెన్ నీది, వాళ్లకి మిగిలేది గిన్నె నాకడమే. దుంప అలా కాదు. కాస్త ఎక్కువ ఉడికినా ముద్దకూర అవుతుంది, ముక్కలు వంకరటింకరగా తరిగినా వేగుతాయి. బడిలో సైన్సు చెప్పినన్నాళ్లూ ఇంతకన్నా చవకైన ప్రయోగ సామగ్రి నాకు దొరకలేదు.

మొదటి రోజు పొయ్యి జోలికి పోవద్దు. దుంపలు కడిగి చెరొకటి చేతికిచ్చి, ఇది వేరా, కాండమా అని అడుగు. మట్టిలో ఉంటుంది కాబట్టి వేరు అనేస్తారు. వెంటనే సరిచేయకు. దుంప మీద గుంటలు చూపించు. వాటిని కళ్లు అంటారు, ఒక్కో కన్నూ ఒక మొగ్గ. బాగా దగ్గరగా చూస్తే కంటి పక్కనే కనుబొమలాంటి సన్నని గీత కనిపిస్తుంది. ఒకప్పుడు అక్కడ ఉన్న చిట్టి ఆకు ఆనవాలు అది. కళ్లన్నిటినీ పెన్నుతో కలుపుతూ పొమ్మంటే గీత దుంప చుట్టూ మెలి తిరుగుతుంది. ఒక చివర కళ్లు గుమిగూడి ఉంటాయి, మొక్కకి అంటుకుని పెరిగింది రెండో చివర. ఇప్పుడు పక్కన ఒక చిలగడదుంప పెట్టు. దాని మీద ఈ అమరిక ఎక్కడా ఉండదు, ఎందుకంటే అది నిజంగానే వేరు. పెద్దది వాదిస్తుంది. వాదించనీ, ఆ వాదనే కావాలి మనకి.

చిన్నోడికి రంగులు కావాలి కదా. మందుల డబ్బాలో దెబ్బలకు రాసే బెటాడిన్ ఉంటే ఒక చెంచాడు నీళ్లలో రెండు చుక్కలు కలిపి, కోసిన దుంప ముక్క మీద నువ్వే వేసి చూపించు. గోధుమరంగు మందు నలుపు తిరిగిన నీలంగా మారిపోతుంది. అదే చుక్క కీరదోస ముక్క మీద వేస్తే అలా మారదు. దుంపలో ఉన్న పిండిపదార్థం పని అది. ఆ ముక్కలు మాత్రం తిననివ్వకుండా నీ చేత్తోనే చెత్తబుట్టలో వెయ్యి. తర్వాత ఒక దుంప తురిమించి, నీళ్లలో పిసికించి, వడకట్టిన నీళ్లని పావుగంట కదపకుండా పెట్టించు. అడుగున తెల్లగా పేరుకున్న పిండిని వేళ్లతో ముట్టుకోనీ. వేపుడు ముక్కలు ఒకదానికొకటి అంటుకుని ముద్దయ్యేది ఆ పిండి వల్లే. ముక్కల్ని రెండు నీళ్లలో కడగమంటే మర్నాడు వాళ్లు ఎందుకని అడగరు.

వంట దగ్గరికి వద్దాం. మొదటి వంటకం ఉడికించిన దుంప, అంతే. ఇంచుమించు ఒకే సైజు దుంపలు ఏరించు. చన్నీళ్లలో, ఉప్పు వేసి, అప్పుడు పొయ్యి మీద పెట్టాలి. మరుగుతున్న నీళ్లలో వేస్తే పైన చిదికిపోతుంది, లోపల పచ్చిగా ఉంటుంది. కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టడం నేర్పితే కుక్కర్ నేర్చుకుంటారు, దుంపని కాదు. మూత తీసి, పుల్ల గుచ్చి, ఎంత సులువుగా దిగుతోందో చేతికి తెలియాలి. చల్లారాక తొక్క తీయడం, చిదపడం చిన్నోడి పని. నెయ్యి, ఉప్పు, మిరియాల పొడి వాడే వేసి కలుపుతాడు. మీ అత్తగారు మగపిల్లాడికి ఇవన్నీ ఎందుకమ్మా అంటే నువ్వేం మాట్లాడకు, ఆ మొదటి ముద్ద వాడి చేత ఆవిడకే పెట్టించు.

రెండో వంటకం పూరీలోకి చేసుకునే ఉప్మా కూర. ఇందులో పోపు ఉంటుంది, ఆవాలు చిటపటమని ఎగురుతాయి, అందుకని పోపు నువ్వే వెయ్యి. కానీ ఏది ముందు, ఏది తర్వాత అన్నది వాళ్లు నీకు చెప్పాలి. శనగపప్పు వేగడానికి టైమ్ పడుతుంది, కరివేపాకు క్షణంలో మాడుతుంది, నిమ్మరసం పొయ్యి కట్టేశాక పిండాలి. ఈ వరస నోటికి వచ్చిన పిల్ల రేపు ఏ కూరకైనా పోపు పెట్టుకోగలదు.

పదేళ్లది కాబట్టి వేపుడు పెద్దదానికి ఇవ్వొచ్చు. కత్తిపీట వద్దు. చిన్న కత్తి, కింద జారకుండా తడిగుడ్డ వేసిన చెక్క చాలు. దుంప గుండ్రంగా ఉన్నంతసేపూ దొర్లుతుంది, వేలు తెగేది అప్పుడే. అందుకని మొదటి కోత, అంటే నిలువునా రెండు చెక్కలు చేయడం, నీ చేత్తో చెయ్యి. కోసిన ముఖం చెక్కకి ఆనించి పెడితే కదలదు, అక్కడినుంచి దాని పని. వేలి కొనలు లోపలికి ముడుచుకోవాలి. తరిగిన ముక్కలు గాలికి నల్లబడకుండా నీళ్లలో వేసి, వేయించే ముందు గుడ్డ మీద పూర్తిగా తుడవాలి. తడి ఉంటే నూనె చిందుతుంది, ముక్క కరకరలాడదు. మూత పెట్టకూడదు, ఊరికే కలపకూడదు, ఉప్పు ముందే వేస్తే నీరు ఊరుతుంది కాబట్టి చివర్లో వెయ్యాలి. జుట్టు ముడి, కాటన్ బట్టలు, బాండీ కాడ లోపలి వైపుకి. కాలితే కుళాయి కింద ఇరవై నిమిషాలు నీళ్లు పట్టాలి, టూత్‌పేస్టూ పసుపూ రాయొద్దు. ఈ ముక్క పిల్లలకన్నా ముందు మీ ఆయనకి చెప్పు, టెన్షన్ పడిపోయి పేస్టు కోసం పరుగెత్తేది ఆయనే.

ఒక సాయంత్రం ఇద్దర్నీ రైతుబజారుకి తీసుకెళ్లు. ఇప్పుడు దొరికేది ఎక్కువగా ఆగ్రా వైపు కోల్డ్ స్టోరేజీల్లోంచి వచ్చిన దుంప. చలికాలంలో జహీరాబాద్ వైపు కొత్త దుంప దిగుతుంది, దాని తొక్క బొటనవేలితో రుద్దితే లేచి వస్తుంది. ఏరుకునేటప్పుడు ఆకుపచ్చ తిరిగినవి పక్కన పెట్టడం నేర్పు. వెలుతురు తగిలిన దుంపలో ఆ పచ్చదనంతోపాటు సొలనిన్ అనే విషపదార్థం కూడా పెరుగుతుంది, ఉడికించినా పోదు. కొంచెం పచ్చగా ఉంటే లోతుగా చెక్కేయొచ్చు, బాగా పచ్చబడినా, చేదుగా ఉన్నా పారేయడమే. ఇంట్లో చీకటిగా, గాలి తగిలే చోట బుట్టలో పోయండి. ఫ్రిజ్‌లో పెడితే పిండి కొంత చక్కెరగా మారి వేపుడు తియ్యబడుతుంది, తొందరగా నల్లబడుతుంది.

ఇది ఎక్కడినుంచి వచ్చింది అని పెద్దది అడగక మానదు. దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల మీద, పెరూ బొలీవియాల మధ్య టిటికాకా సరస్సు చుట్టుపక్కల, వేల ఏళ్ల కిందట సాగులోకి వచ్చింది. అక్కడివాళ్లు దుంపల్ని రాత్రి మంచుకి గడ్డకట్టనిచ్చి, పగలు కాళ్లతో తొక్కి నీరు తీసి ఎండబెడతారు. చూన్యో అనే ఆ ఎండుదుంప ఏళ్ల తరబడి నిలవుంటుంది. 16వ శతాబ్దంలో స్పెయిన్ వాళ్లు యూరప్‌కి మోసుకుపోయారు, తర్వాత పోర్చుగీసుల ద్వారా మన పడమటి తీరానికి చేరింది. శ్రీకృష్ణదేవరాయలు ఎంత గొప్ప చక్రవర్తి అయినా ఆలూ వేపుడు మాత్రం తిని ఎరగడని చెప్పు, చరిత్ర పుస్తకం తెరుస్తుంది. ఐర్లండ్ సంగతి కూడా దాచకు. 1845లో మొదలైన ఆకుమాడు తెగులుకి అక్కడి పంట కుళ్లిపోయి, కరువులో దాదాపు పది లక్షలమంది చచ్చిపోయారు. పేదలు ఒకే పంట మీద, అందులోనూ ఎక్కువగా ఒకే రకం మీద బతకడం వల్లే దెబ్బ అంత గట్టిగా తగిలింది. మన సిమ్లాలో ఉన్న కేంద్ర బంగాళాదుంప పరిశోధనా సంస్థ కుఫ్రీ జ్యోతి, కుఫ్రీ చంద్రముఖి అంటూ అన్ని రకాలు ఎందుకు తయారుచేస్తుందో అప్పుడు అర్థమవుతుంది.

వాళ్లు తరిగింది నువ్వు మళ్లీ తరగకు. ముక్కలు పెద్దవైతే ఆ రోజు పెద్ద ముక్కల కూరే తినండి.

దీపావళి వెళ్లాక, రాత్రిళ్లు చల్లబడగానే, మొలకలు వచ్చిన దుంప ఒకటి తీసి, ముక్కకి రెండు కళ్లు ఉండేలా కోయించు. ఒకరోజు ఆరనిచ్చి, బాల్కనీలో గ్రో బ్యాగ్ సగం మట్టితో నింపి నాటించు. మొక్క లేచేకొద్దీ కాండం చుట్టూ మట్టి ఎగదోస్తూ ఉండాలి. కొత్త దుంపలు ఊరేది ఆ మట్టిలోకి సాగిన కాండం కొమ్మల చివర్లే, పెద్దదానితో మొదటిరోజు వాదన అక్కడ తేలిపోతుంది. పూలు పూశాక చిన్న పచ్చి టమాటాల్లా కాయలు వస్తే తుంచి పారెయ్యి, అవి విషం. సంక్రాంతికే తవ్వేద్దామని చిన్నోడు గోల చేస్తాడు. ఆకులు పసుపు తిరిగేదాకా ఆగమను. మాఘంలో మీ ఇంటికి వస్తాను, నేను వచ్చాకే తవ్వండి.

ఉంటాను,
మీ పెద్దమ్మ