కోడలికి పొగరు అని పేరు పడితే

మీ లెటర్ చదివానమ్మా. పెళ్ళై రెండేళ్ళయింది, ఇద్దరూ జాబ్ చేస్తున్నారు, అత్తగారేమో చుట్టాల ముందు కూడా "మా కోడలికి పొగరెక్కువ" అంటున్నారు, మీ ఆయన వినీ విననట్టు ఫోన్ చూస్కుంటున్నాడు, నాకు నిజంగానే పొగరా మేడమ్ అని అడిగారు.

మీరు రాసినవే తీసుకుందాం. జీతం పడగానే ఏటీఎం కార్డు ఇమ్మంటే ఇవ్వలేదు, ఇంటి ఖర్చులో సగం నేను పెట్టుకుంటా అన్నారు. ఇందులో పొగరేముంది? మామగారు హాల్లోకొస్తే లేచి నిలబడలేదు, ఒళ్ళో ల్యాప్‌టాప్ ఉంది, మీటింగ్ నడుస్తోంది. ఇదీ కాదు. మీ మరిది తిన్న కంచం కూడా తియ్యడని రాశారు కదా, వాణ్ణి మాత్రం "కాస్త బద్ధకం" అని వదిలేస్తారు. అత్తగారు తన మాట నెగ్గించుకుంటే పెద్దరికం, కొడుకు నెగ్గించుకుంటే పట్టుదల, అదే కోడలైతే పొగరు, ఇంకా కోపమొస్తే బలుపు, కొవ్వు. ఒంగోలు గిత్తకి పొగరుంటే మాత్రం మురిసిపోయి చూస్తాం! పనమ్మాయి జీతం పెంచమంటే "దీనికీ పొగరెక్కింది" అనేది మళ్ళీ మనమే, మీరూ ఎప్పుడో అనే ఉంటారు.

కానీ గృహప్రవేశంలో పదిమంది ముందు ఆడపడుచుని "ఇంగ్లీషులో రెండు ముక్కలు రావు, నువ్వు నాకు చెప్తావా" అన్నారు చూడండి, అది మటుకు పొగరే తల్లీ, దాన్ని ఆత్మాభిమానం ఖాతాలో వెయ్యకండి. ఆ అమ్మాయికి ఫోన్ చేసి సారీ చెప్పండి, "నువ్వు కూడా అలా అనకుండా ఉండాల్సింది" అని తోక తగిలించకుండా.

అత్తగారు ఈసారి ఆ మాట అన్నప్పుడు నాకా పొగరు అని వాదనకి దిగొద్దు, తర్వాత వంటింట్లో ఇద్దరే ఉన్నప్పుడు "నేనేం చేస్తే అలా అనిపించింది అత్తయ్యా" అని అడగండి, ఫలానా పని అని చెప్తే దాని గురించి మాట్లాడుకోవచ్చు, ఉత్త పొగరు అంటే ఏం మాట్లాడతాం. మీ ఆయన వాళ్ళమ్మతో గొడవ పడక్కర్లేదు, "కార్డు సంగతి మేమిద్దరం అనుకున్నదేనమ్మా" అని ఒక్క ముక్క అంటే చాలు. ఆ ఒక్క ముక్క అనడానికి కూడా ఆయనకి నోరు రాకపోతే మాత్రం ఇద్దరూ కలిసి ఒకసారి రండి, ముందు ఆయనతో విడిగా మాట్లాడతాను.